అర్థమయ్యే ఓటమి: స్వయంగా వాదించుకొనే కక్షిదారు, న్యాయస్థాన నిష్పాక్షికత

ఉపోద్ఘాతం

న్యాయవాదిని నియమించుకోకుండా తన వ్యాజ్యాన్ని తానే నడుపుకొనే కక్షిదారును న్యాయస్థానాలు 'పార్టీ ఇన్ పర్సన్' అని వ్యవహరిస్తాయి. అతడు వాది కావచ్చు, ప్రతివాది కావచ్చు. సౌలభ్యం కోసం ఈ వ్యాసంలో అతనికి 'స్వయంవాది' అనే మాట వాడబడింది. న్యాయస్థానాల మీద స్వయంవాదులు చేసే ఆరోపణకు ఒక ప్రత్యేకత ఉంది. తీర్పు తప్పు అనడంతో అది ఆగదు. తమ మాట కోర్టు విననే లేదంటుంది. ఎదుటి పక్షం న్యాయవాది నోరు తెరవగానే న్యాయమూర్తికి విషయం బోధపడిందనీ, తాము ఎంత చెప్పినా 'అది ఇప్పుడు కాదు', 'అలా కుదరదు' అన్న మాటలే ఎదురయ్యాయనీ వారి బాధ.

ఈ ఫిర్యాదుకు సాధారణంగా రెండు వ్యాఖ్యానాలు వినిపిస్తాయి. ఓడినవాడి ఉక్రోషమని న్యాయవృత్తిలో ఉన్నవారు కొట్టివేస్తారు. న్యాయమూర్తులూ న్యాయవాదులూ ఒక తానులోని ముక్కలేనని బయటివారు తేల్చివేస్తారు. మొదటి వ్యాఖ్యానం ఫిర్యాదులోని అనుభవాన్ని తోసిపుచ్చుతుంది. రెండవది న్యాయమూర్తి మనసులో లేని దురుద్దేశాన్ని అతనికి అంటగడుతుంది. న్యాయమూర్తి పూర్తిగా నిజాయితీపరుడై, ఇరుపక్షాలకూ ఒకే నియమాన్ని ఒకే తీరున వర్తింపజేసినప్పటికీ ఈ ఫిర్యాదు పుట్టే అవకాశం ఉంది. అసలు నైతిక ప్రశ్న అక్కడే మొదలవుతుంది. అసమానులైన ఇద్దరిని సమానంగా చూడడం నిష్పాక్షికత అవుతుందా? కాకపోతే, ఒకరికి చేయూతనిచ్చిన న్యాయమూర్తి న్యాయమూర్తిగా మిగులుతాడా?

హక్కు నుంచి అనుమతికి

భారతీయ న్యాయవ్యవస్థలో స్వయంవాదికి చోటు లేకపోలేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, మూడవ ఆర్డరు మొదటి నియమం ప్రకారం కక్షిదారు స్వయంగా గాని, గుర్తింపు పొందిన ఏజెంటు ద్వారా గాని, ప్లీడరు ద్వారా గాని కోర్టుకు హాజరు కావచ్చు. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం న్యాయవాద వృత్తిని అడ్వొకేట్లకే పరిమితం చేసింది. ఇతరుల తరఫున వాదించదలచిన సామాన్య వ్యక్తి ఆ చట్టంలోని 32వ సెక్షను కింద కోర్టు అనుమతి పొందాలి. హరిశంకర్ రస్తోగీ కేసులో 1978లో సుప్రీంకోర్టు ఈ భేదాన్ని స్పష్టం చేసింది. తన వ్యాజ్యాన్ని తాను వాదించుకోవడం హక్కు; పరుల వ్యాజ్యాన్ని వాదించడం కోర్టు దయచేసే అనుమతి.

అయితే హక్కుగా మొదలైనది కూడా పైమెట్టుకు వెళ్ళేకొద్దీ అనుమతి రూపం ధరిస్తుంది. 2013 నాటి సుప్రీంకోర్టు నియమావళి ప్రకారం స్వయంగా వాదించదలచిన వ్యక్తి అందుకు కారణాలు చూపుతూ దరఖాస్తు పెట్టుకోవాలి. రిజిస్ట్రారు అతనితో మాట్లాడి, కేసు పరిష్కారానికి అతడు కోర్టుకు తగిన సహాయం చేయగలడా, లేక కోర్టే ఒక న్యాయవాదిని అమికస్ క్యూరీగా నియమించవలసి ఉంటుందా అన్నది నివేదిస్తారు. ఈ ఏర్పాటులో దురుద్దేశం లేదు. కోర్టు కాలాన్నీ కక్షిదారు ప్రయోజనాన్నీ కాపాడడమే దాని ఉద్దేశం. కాని ఇందులోని ప్రశ్న దిశ గమనింపదగినది. కోర్టు కక్షిదారుకు ఏ మేరకు సహాయపడగలదన్న ప్రశ్న ఇక్కడ లేదు. కక్షిదారు కోర్టుకు ఏ మేరకు సహాయపడగలడన్నదే ఉంది.

క్రిమినల్ కేసులలో పరిస్థితి కొంత భిన్నం. నచ్చిన న్యాయవాదిచేత వాదింపజేసుకొనే హక్కును రాజ్యాంగం 22వ అధికరణం నిందితునికి ఇచ్చింది. ఉచిత న్యాయసహాయాన్ని ఆదేశిక సూత్రంగా 39-ఎ అధికరణం 1976లో చేర్చింది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు పేద నిందితునికి న్యాయసహాయం న్యాయమైన విచారణలో భాగమని చెప్పింది. 1986లో సుఖ్ దాస్ కేసు మరొక అడుగు వేసి, నిందితుడు అడగలేదన్న కారణంతో ఆ సహాయం నిరాకరించరాదన్నది. తనకు ఏ హక్కు ఉందో తెలియనివాడు దాన్ని అడగలేడన్న ఎరుక ఆ తీర్పుకు మూలం. సివిల్ వ్యాజ్యంలో ఇంతటి రక్షణ లేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం మహిళలకూ, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికీ, నిర్ణీత ఆదాయానికి లోబడినవారికీ, మరికొన్ని వర్గాలకూ ఉచిత న్యాయసేవను అందిస్తుంది. ఆ పరిధికి కాస్త ఆవల ఉన్నవారూ, న్యాయవాది మీద నమ్మకం పోయినవారూ ఒంటరిగానే బోనెక్కుతారు.

సాదాబైనామా చెప్పే సంగతి

ఫిర్యాదు ఎలా పుడుతుందో తెలియడానికి ఒక సన్నివేశాన్ని ఊహించవచ్చు. తెలంగాణ పల్లెలో ఒక రైతు ఎన్నో ఏళ్ళ కిందట తెల్లకాగితం మీద రాయించుకొన్న సాదాబైనామాతో రెండెకరాలు కొన్నాడు. అమ్మినవాని కొడుకులు ఇప్పుడు భూమి తమదంటూ దావా వేశారు. రైతు కాగితాన్ని భద్రంగా మడతపెట్టి కోర్టుకు తెచ్చాడు. ఊరంతటికీ తెలిసిన కొనుగోలు అది, సంతకాలున్నాయి, సాక్షులున్నారు. ఎదుటి న్యాయవాది లేచి రెండు వాక్యాల అభ్యంతరం చెప్పాడు. న్యాయమూర్తి ఆ కాగితాన్ని సాక్ష్యంగా గుర్తించడానికి నిరాకరించారు. రైతు దృష్టిలో జరిగిందేమిటి? తన దగ్గరున్న ఒకే ఒక్క నిజాన్ని, అవతలివాడు చెప్పిన రెండు ముక్కలతో, చూడకుండానే పక్కన పెట్టేశారు.

న్యాయమూర్తి తప్పు చేయలేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17, 49 సెక్షన్ల ప్రకారం వంద రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయపత్రం రిజిస్టరు కాకపోతే ఆ విక్రయానికి సాక్ష్యంగా చెల్లదు. స్టాంపు చట్టం 35వ సెక్షను చాలినంత స్టాంపు లేని పత్రాన్ని సాక్ష్యంగా స్వీకరించవద్దంటుంది. అయితే అవే చట్టాలలో మరొక సగం ఉంది. లోటు సుంకాన్నీ జరిమానానూ చెల్లిస్తే స్టాంపు దోషం తొలగుతుంది. రిజిస్టరు కాని పత్రం హక్కును నిరూపించలేకపోయినా, 49వ సెక్షను మినహాయింపు ప్రకారం అనుషంగిక ప్రయోజనానికి, అంటే భూమి తన స్వాధీనంలోకి ఏ రీతిన వచ్చిందో చూపడానికి, పనికిరావచ్చు. న్యాయవాది ఉన్న కక్షిదారుకు ఈ రెండవ సగం అందుతుంది. స్వయంవాదికి మొదటి సగమే, అదీ కారణం తెలియని నిరాకరణ రూపంలో అందుతుంది.

ఇక్కడ నియమం ఇద్దరికీ ఒక్కటే. ఆ నియమపు అర్థం మాత్రం ఒక్కరికే చేరింది. స్వయంవాది అనుభవించే అన్యాయపు స్వరూపం ఇదే. దీన్ని పక్షపాతం అనలేము, భ్రమ అని కూడా అనలేము. ఈ ఎడం జిల్లా కోర్టు దాటితే ఇంకా పెరుగుతుంది. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం పార్లమెంటు మరోవిధంగా చట్టం చేసేదాకా సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష ఇంగ్లీషు. రాష్ట్రపతి సమ్మతితో గవర్నరు హిందీని గాని రాష్ట్ర అధికారభాషను గాని హైకోర్టు వ్యవహారాలలో అనుమతించవచ్చు. కొన్ని ఉత్తరాది రాష్ట్రాలలో హిందీకి లభించిన ఆ వెసులుబాటు తెలుగుకు దక్కలేదు. తన భూమి గురించి తన ఎదుటే జరిగే చర్చను రైతు ముఖకవళికలను బట్టి ఊహించుకోవలసిన పరిస్థితి అది.

నిష్పాక్షికత పక్షాన వాదం

న్యాయమూర్తి చేయి చాచరాదనే వాదాన్ని తేలికగా తీసుకోరాదు. వివాద విచారణలో ఇద్దరు కక్షిదారులుంటారు. న్యాయవాదిని పెట్టుకొన్న వ్యక్తి తప్పనిసరిగా ధనికుడు కానక్కరలేదు; పుస్తెలు కుదువబెట్టి ఫీజు చెల్లించిన విధవ కావచ్చు. న్యాయమూర్తి ఒకరికి మార్గం చూపితే, ఆమె డబ్బిచ్చి పొందిన నైపుణ్యాన్ని ఎదుటివారికి ఉచితంగా పంచినట్టవుతుంది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2018లో బార్టన్ వర్సెస్ రైట్ హసాల్ కేసులో ఇంచుమించు ఈ వైఖరినే తీసుకొంది. స్వయంవాది అయినందువల్ల నియమాల పాటింపులో ప్రత్యేకమైన సడలింపు లభించదని, అలా సడలిస్తే రెండవ పక్షానికి అన్యాయమని ముగ్గురు న్యాయమూర్తులు భావించారు, ఇద్దరు విభేదించారు. దానికి భిన్నంగా కెనడా సుప్రీంకోర్టు 2017లో పింటియా కేసులో, స్వయంవాదుల పట్ల న్యాయమూర్తులు పాటించవలసిన సూత్రాలను ఆ దేశ న్యాయమండలి 2006లో ప్రకటించగా, వాటిని ఆమోదించింది. విజ్ఞులైన న్యాయమూర్తులే ఈ విషయంలో ఏకాభిప్రాయానికి రాలేదంటే సమస్య సులభమైనది కాదు.

స్వయంవాదులందరూ నిస్సహాయులూ కారు. వ్యాజ్యమే వ్యసనమైనవారు ఉంటారు. వేధింపు వ్యాజ్యాలను అదుపు చేయడానికి మద్రాసు రాష్ట్రం 1949లోనే ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. జాలి ఒక్కటే న్యాయమూర్తికి మార్గదర్శి అయితే, దాన్ని వాడుకోగలిగినవాడే లాభపడతాడు.

ఈ వాదంలో బలముంది. కాని అది ఒక ఊహ మీద ఆధారపడింది. న్యాయమూర్తి ఆటలో అంపైరు వంటివాడనీ, ఆట నియమాలు ఆటగాళ్ళకు ముందే తెలుసుననీ ఆ ఊహ. భారతీయ చట్టం న్యాయమూర్తిని అంత మౌనిగా చూడలేదు. మొదటి వాయిదానాడు వివాదాంశాలను స్పష్టం చేసుకోవడానికి, స్వయంగా హాజరైన కక్షిదారులను తనకు తగునని తోచినమేరకు మౌఖికంగా ప్రశ్నించాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ పదవ ఆర్డరు చెబుతుంది. నిజాన్ని రాబట్టడానికి ఏ సాక్షినైనా, కక్షిదారునైనా ఏ ప్రశ్నయినా అడిగే అధికారాన్ని సాక్ష్య చట్టం 165వ సెక్షను ఇచ్చింది. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం దాన్ని 168వ సెక్షనుగా నిలుపుకొంది. కాలపరిమితి దాటిన దావాను, ప్రతివాది ఆ అభ్యంతరం లేవదీయకపోయినా, కొట్టివేయవలసిందేనని 1963 నాటి లిమిటేషన్ చట్టం మూడవ సెక్షను విధిస్తుంది. కక్షిదారు నేర్పరితనానికే అంతా వదిలివేయడం ఈ చట్టాల ఆశయమైతే ఇటువంటి నిబంధనలకు తావుండదు.

సుద్దతో రాసిన 'భాష'

ఈ సందర్భంలో ప్రాచీన వ్యవహారశాస్త్రంలోని ఒక ఏర్పాటు ఆలోచింపజేస్తుంది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాజ్యానికి నాలుగు పాదాలు చెబుతుంది: భాష, ఉత్తరం, క్రియ, సాధ్యసిద్ధి. వాది చేసే నివేదనకు, నేడు ప్లెయింటు అంటున్నదానికి, 'భాష' అనే పేరు. ఆ భాషను ముందుగా పలక మీదనో నేల మీదనో సుద్దతో రాసి, హెచ్చుతగ్గులు సవరించి, ఆ తరువాతనే పత్రానికి ఎక్కించాలని స్మృతికారులు విధించారు. ప్రతివాది ఉత్తరం ఇచ్చేదాకా వాది తన మాటను దిద్దుకోవచ్చు. ఆ తరువాత వీలులేదు.

ఇందులోని వివేకం రెండు విధాలైనది. మొదటి మాట తడబడుతుందని, దాన్ని సరిదిద్దుకోనివ్వడం పక్షపాతం కాదని ఒప్పుకోవడం ఒకటి. ఆ సవరణకు ఎదుటివాని ఉత్తరం దగ్గర హద్దు గీయడం రెండవది. ఎదుటి పక్షానికి నష్టం మొదలయ్యే చోట సహాయం ఆగుతుంది. వాదపత్ర సవరణలను అనుమతించే ఆరవ ఆర్డరు పదిహేడవ నియమానికి, విచారణ మొదలైన తరువాత తగిన కారణం లేనిదే సవరణ కూడదంటూ 2002లో చేర్చిన షరతులో కూడా ఇదే తర్కం కనిపిస్తుంది.

అలాగని ఆ ప్రాచీన వ్యవస్థను ఆదర్శంగా నిలబెట్టడం పొరపాటు. సాక్షి యోగ్యతనూ శిక్షాపరిమాణాన్నీ వర్ణాన్ని బట్టి నిర్ణయించిన ధర్మశాస్త్రం, మనిషిని చూసి వినే పక్షపాతాన్ని నియమంగానే రాసుకొంది. దాని నుంచి తీసుకోదగినది ఫలితాన్ని కాదు, ప్రక్రియలోని ఒక మెలకువను మాత్రమే. తెలుగు పరిశోధకులకు ఇక్కడ మరొక విశేషం కనిపిస్తుంది. మితాక్షరను పదమూడవ శతాబ్దిలోనే మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. వ్యవహార పరిభాషను తెలుగు మోయలేదన్న వాదానికి ఏడు వందల ఏళ్ళ కిందటి ఆ గ్రంథమే సమాధానం.

సాహిత్యం చెప్పే సాక్ష్యం

ఆధునిక తెలుగు సాహిత్యం న్యాయస్థానాన్ని ప్రధానంగా వినికిడి సమస్యగానే చూసింది. కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధానికి వ్యాజ్యాలంటే వ్యసనం. తన తరఫున మాట్లాడేవారు ఉన్నంతమాత్రాన ఆయనకు తన వ్యవహారం మీద పట్టు చిక్కదు. ఇంగ్లీషు తెలిసినవాడన్న పేరు గిరీశానికి ఆ ఇంట పరపతి తెచ్చిపెడుతుంది. మధ్యవర్తి దొరకడమే న్యాయం దొరకడం కాదన్న హెచ్చరికను ఆ పాత్రలో చదువుకోవచ్చు. అందువల్ల 'న్యాయవాదిని పెట్టుకోమనండి' అన్నది ఈ సమస్యకు పూర్తి సమాధానం కాజాలదు.

విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి మద్యనిషేధ కాలపు కేసులను ఆరు సారా కథలలో చిత్రించారు. 'మాయ' కథలో ముత్యాలమ్మ యువ ప్లీడరు మూర్తికి చట్టం, పోలీసు, కోర్టు ఎలా పనిచేస్తాయో తన యాసలో విడమరచి చెబుతుంది. ఆమెకు తెలివి తక్కువ కాదు. వ్యవస్థ గురించి ప్లీడరు కన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. అయినా ఆ తెలివిని నమోదు చేసుకొనే గడి కోర్టు రికార్డులో లేదు. స్వయంవాది సమస్యను అజ్ఞానంగా మాత్రమే చూసేవారు ఈ కథ దగ్గర ఆగి ఆలోచించాలి. కోర్టుకు తెలిసినది కక్షిదారుకు తెలియకపోవడం ఎంత నిజమో, కక్షిదారుకు తెలిసినదాన్ని వినే పద్ధతి కోర్టుకు లేకపోవడం కూడా అంత నిజం.

అర్థమయ్యే ఓటమి

పై పరిశీలన నుంచి న్యాయమూర్తి బాధ్యతకు ఒక హద్దును గీయవచ్చు. స్వయంవాదికి గెలుపుకు తోడ్పడవలసిన బాధ్యత న్యాయమూర్తికి లేదు. ఏ సాక్షిని పిలవాలో, ఏ వాదం ఎంచుకోవాలో చెప్పడం వకీలు పని. కాని ఏది నిరూపించవలసి ఉందో, తెచ్చిన కాగితం ఎందుకు చెల్లలేదో, ఆ దోషాన్ని చట్టం తొలగించనిస్తుందో లేదో, వచ్చే వాయిదా దేనికోసమో చెప్పడం కోర్టు పనే. మొదటిది వ్యూహం, రెండవది చట్టం. చట్టం ఎవరి సొత్తూ కాదు కనుక దాన్ని వివరించడం ఎదుటివారి సొత్తును దోచిపెట్టడం కాదు.

ఈ భేదాన్ని పరీక్షించడానికి ఒక గీటురాయి ఉంది. న్యాయమూర్తి చెప్పేది ఎదుటి పక్షం వింటుండగా, ఇద్దరికీ ఒకే గొంతుతో చెప్పదగినదై ఉండాలి. 'ఈ సాదాబైనామా హక్కును నిరూపించదు; సుంకం, జరిమానా చెల్లిస్తే స్వాధీనం తీరును చూపడానికి పరిశీలించవచ్చు' అన్న మాట నిండు కోర్టులో చెప్పదగినది. ఆ మాట విన్నంతమాత్రాన భూస్వామి కొడుకులు పోగొట్టుకొన్నది ఎదుటివాని అజ్ఞానం వల్ల తమకు దక్కే లాభం ఒక్కటే. ఆ లాభం మీద ఎవరికీ హక్కు ఉండదు. ఈ గీటురాయికి నిలవని సహాయం, అంటే చాటుగా ఇచ్చే సలహా, ఒకరి తరఫున నడిపే క్రాస్ ఎగ్జామినేషన్, నిష్పాక్షికతకు భంగమే.

తీర్పుకు కారణాలు రాయడం ఎవరికోసం? గెలిచినవానికి ఆ కారణాలతో అంతగా పనిలేదు. ఓడినవాడే వాటిని వెతుక్కుంటాడు. బలప్రయోగానికీ తీర్పుకూ తేడా ఆ కారణాలలోనే ఉంది. ఓడినవానికి అర్థం కాని భాషలో రాసిన కారణం, అతని మేరకు, కారణం లేకపోవడంతో సమానం. సుప్రీంకోర్టు 2019 నుంచి కొన్ని తీర్పులను తెలుగు సహా ప్రాంతీయ భాషలలో అందుబాటులో ఉంచడం మంచి అడుగు. అయితే విచారణ జరుగుతున్నప్పుడు అర్థం కానిది తీర్పు వచ్చాక అనువాదంలో అర్థమైతే, అది ఓటమికి వివరణ అవుతుంది గాని విచారణలో పాల్గొన్నట్టు కాదు.

దీనిమీద రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది కాలం. పెండింగు కేసుల బరువు కింద నలిగే న్యాయమూర్తి ప్రతి స్వయంవాదికీ చట్టం వివరిస్తూ కూర్చోగలడా? ఈ ఇబ్బంది నిజమైనదే. అయినా మొదటి వాయిదాలో చెప్పని నాలుగు మాటలు తరువాత దోషాలున్న దరఖాస్తులుగా, వృథా వాయిదాలుగా, అప్పీళ్ళుగా తిరిగివస్తాయి. ఆ కాలం కూడా న్యాయస్థానానిదే.

రెండవ ఆక్షేపణ ఇంకా లోతైనది. ప్రజలు తమకు అనుకూలమైన ఫలితం కన్నా న్యాయంగా తోచిన ప్రక్రియకు ఎక్కువ విలువ ఇస్తారని టామ్ టైలర్ వంటి సామాజిక మనస్తత్వ శాస్త్రజ్ఞులు వాదించారు. అదే నిజమైతే వివరణ ఒక జోలపాటగా మారే ప్రమాదం లేదా? భూమి పోగొట్టుకొన్న రైతును మెత్తని మాటలతో ఇంటికి పంపడం మర్యాదతో కూడిన అన్యాయం కావచ్చు. ఈ ప్రమాదాన్ని ఎదుర్కోవాలంటే వివరణ ప్రయోజనాన్ని సంతృప్తిలో వెతకడం మానాలి. కారణం అర్థమైనవాడు దాన్ని ఒప్పుకోవచ్చు, తప్పుపట్టనూవచ్చు. కాగితం ఎందుకు చెల్లలేదో తెలిసిన రైతు ఆ నిరాకరణ సరికాదని పైకోర్టులో వాదించగలుగుతాడు. తెలియనివాడు దండం పెట్టడమో శపించడమో తప్ప మరేమీ చేయలేడు. కనుక వివరణ న్యాయమూర్తి అధికారానికి అలంకారం కాదు. ఆ అధికారాన్ని ప్రశ్నించే ఆధారాన్ని ఓడినవాని చేతికి అందించడం.

ముగింపు

స్వయంవాదులు కోర్టుల మీద చేసే ఫిర్యాదులో నిజమెంత అన్న ప్రశ్నకు ప్రతి కేసులో సమాధానం వేరుగా ఉంటుంది. కాని ఆ ఫిర్యాదు ఒక బాధ్యతను ఎత్తి చూపుతుంది. ఉభయపక్షాలనూ వినాలన్నది సహజన్యాయ సూత్రం. వినడమంటే చెవి ఒగ్గడం మాత్రమే కాదు. చెప్పినది ఏ మేరకు లెక్కకు వచ్చిందో, ఏది రాలేదో, ఎందుకు రాలేదో చెప్పినవానికి తెలియజేయడంతోనే ఆ క్రియ పూర్తవుతుంది. సాదాబైనామాతో వచ్చిన రైతు ఓడిపోవచ్చు. చట్టం అతని పక్షాన లేకపోతే ఓడిపోవలసిందే. అయితే తాను చట్టం చేతిలో ఓడాడా, ఎదుటి వకీలు చేతిలో ఓడాడా అన్నది తెలిసి కోర్టు మెట్లు దిగే హక్కు అతనికి ఉంది. ఆ రెంటికీ ఉన్న తేడాను అతని భాషలో అతనికి చెప్పగలిగినంత మేరకే న్యాయస్థానం తన నిష్పాక్షికతను నిరూపించుకోగలుగుతుంది.